మూడో పెల్లెట్ సరిపోయింది, మరి మొదటి రెండూ?

గాజువాక నుంచి ఒక పాఠకురాలు మూడు పేజీల ఉత్తరం రాశారు. ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేసి, పరవాడ వైపు ఒక మందుల కంపెనీలో క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబులో చేరి ఎనిమిది నెలలైందట. వచ్చిన ముడిసరుకు సరైనదో కాదో ఎఫ్‌టీఐఆర్ మీద, అంటే పదార్థం ఏ ఇన్‌ఫ్రారెడ్ కాంతిని పీల్చుకుంటుందో చూపే మెషిన్ మీద, చూసి చెప్పడం ఆమె పని. జూలైలో ముసురు పట్టిన ఒక ఉదయం, ఆస్పిరిన్ డ్రమ్ముల నుంచి తీసిన శాంపిల్‌కి పొటాషియం బ్రోమైడ్ పెల్లెట్ (శాంపిల్‌ని ఆ ఉప్పుతో నూరి ఒత్తిన పల్చటి బిళ్ల) వేశారు. ప్రామాణిక స్పెక్ట్రమ్‌తో మ్యాచ్ 91 శాతం వచ్చింది. వాళ్ల ఎస్ఓపీ (రాసిపెట్టిన పని పద్ధతి) ప్రకారం 95 దాటాలి. మళ్లీ వేస్తే 92. స్పెక్ట్రమ్‌లో (ఏ తరంగసంఖ్య, అంటే సెంటీమీటరుకి ఎన్ని తరంగాలు, దగ్గర ఎంత కాంతి దాటిందో చూపే గ్రాఫు ఇది) 3430 దగ్గర వెడల్పాటి లోయ, 1636 దగ్గర చిన్న బుడిపె, 2350 దగ్గర పైకి లేచిన జంట కొమ్ములు కనిపించాయి. ఎడమ చివర బేస్‌లైన్ కిందికి జారిపోయి ఉంది. సీనియర్ వచ్చి చూసి, కొత్త సీసాలోంచి పౌడర్ తీసి ఇంకొకటి వెయ్యమన్నారు. అది 96 వచ్చింది. "ఇదే ప్రింట్ తియ్యి. ఆ రెండూ ట్రయల్స్ అనుకో" అన్నారు. ఆమె ప్రింట్ తీసి సంతకం పెట్టారు. మొదటి రెండు ఫైళ్లూ ట్రయల్ 1, ట్రయల్ 2 అన్న పేర్లతో సిస్టంలోనే ఉన్నాయి. వచ్చే నెల ఆడిట్.

"నిద్ర పట్టడం లేదు. ఆ 3430 ఏమిటో నాకు నిజంగా తెలీదు. 2350 దగ్గరది నైట్రైల్ ఏమో, వేరే సరుకు కలిసిందేమో అని భయం. చదువుకున్నదాన్నే కానీ ఇప్పటిదాకా శాతం అంకె తప్ప స్పెక్ట్రమ్ చూడలేదని ఆ రోజే అర్థమైంది. చెబితే సీనియర్‌కి కోపం. చెప్పకపోతే ఆడిట్‌లో నా పేరు. నాన్నేమో, కార్తీకంలో పెళ్లి చూపులు పెట్టుకుని ఉద్యోగం మీదకి తెచ్చుకోకు అంటున్నారు. నేను తప్పు చేశానా? మానేయనా?" ఇదీ ఉత్తరం సారం.

సమాధానం

మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. డ్రమ్ములో ఉన్నది ఏమిటన్నది ఒకటి. కాగితం మీద ఉన్నది ఏమిటన్నది రెండోది. మొదటిదానికి జవాబు దొరకనంతకాలం రెండోది కొండంత కనిపిస్తుంది. కాబట్టి సీనియర్‌ని కాసేపు పక్కన పెట్టి ముందు స్పెక్ట్రమ్ దగ్గర కూర్చుందాం. మీరు అంకెలన్నీ రాసి పంపడం మంచిదైంది. భయపడుతూనే అయినా, చూడాల్సినవన్నీ చూశారు.

ముందు 2350 సంగతి తేల్చేద్దాం. అది నైట్రైల్ (కార్బన్, నైట్రోజన్ మూడు బంధాలతో కలిసిన గుంపు) కాదు. నైట్రైల్ 2220 నుంచి 2260 మధ్య ఒక్క గీతగా, సన్నగా, కిందికి దిగుతుంది. 2350 దగ్గర జంటగా కనిపించేది గాలిలోని కార్బన్ డయాక్సైడ్. గాలిలో నైట్రోజన్, ఆక్సిజనే ఎక్కువైనా, వాటి కంపనంలో డైపోల్ (అణువులో విద్యుదావేశాల ఎడం) మారదు కాబట్టి ఇన్‌ఫ్రారెడ్‌కి కనిపించవు. కనిపించేవి కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. కొమ్ములు పైకి లేచాయంటే బ్యాక్‌గ్రౌండ్ (శాంపిల్ పెట్టకుండా తీసే స్కాన్) తీసినప్పుడు ఆ వాయువు ఎక్కువ ఉంది, శాంపిల్ తీసినప్పుడు తగ్గింది, అంతే. ఉదయం బ్యాక్‌గ్రౌండ్ తీసేటప్పుడు మెషిన్ మీదకి వంగి ఊపిరి వదిలినా చాలు. శాంపిల్‌కి ముందు తాజాగా బ్యాక్‌గ్రౌండ్ తీసుకుంటే పోతుంది.

ఇక ఆస్పిరిన్. దీని స్పెక్ట్రమ్ ఇన్‌ఫ్రారెడ్ నేర్చుకునేవాళ్ల కోసమే పుట్టిందా అన్నట్టు ఉంటుంది, ఎందుకంటే ఒకే అణువులో రెండు రకాల కార్బొనైల్స్ (కార్బన్, ఆక్సిజన్ జంట బంధాలు) ఉన్నాయి. 1750 దగ్గరది ఈస్టర్‌ది. మామూలు ఈస్టర్ 1735 చుట్టూ ఉంటుంది. ఇక్కడ ఈస్టర్ ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్లను బెంజీన్ వలయంతో కూడా పంచుకోవడం వల్ల కార్బొనైల్ బంధం కాస్త బిగుసుకుని గీత పెద్ద అంకె వైపు జరిగింది. 1690 దగ్గరది ఆమ్లానిది. అది వలయానికి నేరుగా అతుక్కుని ఉంది, పైగా పక్క అణువు ఆమ్లంతో హైడ్రోజన్ బంధం కట్టుకుంది. అందుకే చిన్న అంకె వైపు జరిగింది. 1605 దగ్గర సన్నటి గీత వలయానిది. 1300 నుంచి 1180 దాకా బలంగా దిగే గీతలు కార్బన్-ఆక్సిజన్ బంధాలవి. ఇక 3300 నుంచి 2500 దాకా చాప పరిచినట్టు సాగి, మధ్యలో 2700, 2550 ప్రాంతాల్లో చిన్న గడ్డలతో ఉండేది ఆమ్లపు ఓ-హెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్ బంధం).

ఇప్పుడు మీ 3430. ఆమ్లపు ఓ-హెచ్ ఎప్పుడూ అంత పైన మొదలై అక్కడే ముగియదు. ఆల్కహాల్ అనుకోవచ్చు, కానీ ఆల్కహాల్ 1636 దగ్గర బుడిపె ఇవ్వదు. 3430, 1636 రెండూ కలిసి, ఒకటి పెరిగితే ఇంకొకటి పెరుగుతూ కనిపించాయంటే నూటికి తొంభై తొమ్మిది సార్లు అది నీరు. మొదటిది నీటి అణువు బంధాలు సాగడం వల్ల, రెండోది ఆ అణువు వంగడం వల్ల. మీ ఎస్ఓపీలో ఈ రెండు అంకెలూ పక్కపక్కన రాసి ఉంటే ఈ ఉత్తరం సగం తగ్గేది.

అయితే ఆస్పిరిన్ విషయంలో ఆ మిగిలిన ఒక్క శాతాన్ని వదిలెయ్యకూడదు. తడి తగిలితే ఆస్పిరిన్ విరిగి సాలిసిలిక్ ఆమ్లం, అసిటిక్ ఆమ్లం అవుతుంది. సాలిసిలిక్ ఆమ్లపు కార్బొనైల్ 1660 దగ్గర ఉంటుంది, ఎందుకంటే పక్కనే ఉన్న ఫినాల్ హైడ్రోజన్ దాన్ని అణువు లోపలే పట్టి లాగుతుంది. 1636కీ 1660కీ దూరం చిన్నది. బేస్‌లైన్ జారిన స్పెక్ట్రమ్‌లో రెండూ ఒకటిగా కలిసిపోగలవు. తేల్చుకోవడానికి మూడు గుర్తులున్నాయి. సాలిసిలిక్ ఆమ్లమైతే 3240 దగ్గర ఫినాల్ ఓ-హెచ్ కొంచెం సన్నగా తల ఎత్తుతుంది. ఈస్టర్ పోతోంది కాబట్టి 1605తో పోలిస్తే 1750 ఎత్తు తగ్గుతుంది. డ్రమ్ము మూత తీసినప్పుడు వెనిగర్ వాసన వస్తుంది. శాంప్లింగ్ చేసినవాళ్లని ఆ చివరిది అడగండి, ముక్కు చెప్పే సాక్ష్యాన్ని తీసిపారెయ్యక్కర్లేదు. మీ మూడు స్పెక్ట్రాల్లోనూ 1750 ఎత్తుని 1605 ఎత్తుతో భాగించి, ప్రామాణిక నమూనాతో పోల్చి చూడండి. అయితే ముందు మూడింటినీ అబ్సార్బెన్స్ (పీల్చుకున్న కాంతి లెక్క) లోకి మార్చి ఎత్తులు కొలవాలి. ట్రాన్స్‌మిటెన్స్ (దాటి వచ్చిన కాంతి) శాతాల మీద భాగహారం చేస్తే అర్థం ఉండదు.

ఇక్కడే ఒక మాట. ఆస్పిరిన్‌లో విడి సాలిసిలిక్ ఆమ్లానికి ఫార్మకోపియాలు (మందుల ప్రమాణాల గ్రంథాలు) పెట్టే హద్దు శాతంలో పదో వంతు స్థాయిలో ఉంటుంది. ఇన్‌ఫ్రారెడ్‌కి అంత చూపు లేదు. మిశ్రమంలో కొన్ని శాతాలు ఉంటే తప్ప ఘనపదార్థపు స్పెక్ట్రమ్‌లో రెండో పదార్థం నమ్మకంగా తేలదు. "ఇది ఆస్పిరినేనా" అంటే అది జవాబు చెబుతుంది. "ఎంత శుద్ధం" అంటే చెప్పదు. అందుకే అదే ఏఆర్ నంబరు (ఆ శాంపిల్ పరీక్షల రికార్డు నంబరు) కింద విడి సాలిసిలిక్ ఆమ్లం పరీక్ష, అస్సే (అసలు మందు ఎంత శాతమో కొలిచే పరీక్ష) కూడా జరిగి ఉంటాయి. ఆ ఫలితాలు చూశారా? ఉత్తరంలో రాయలేదు. అవి హద్దుల్లో ఉంటే, మీరు రాత్రిళ్లు ఊహించుకుంటున్న రోగి దాకా ఈ బుడిపె వెళ్లలేదని అర్థం. రేపు పొద్దున చెయ్యాల్సిన మొదటి పని ఆ షీటు తెరవడం.

మరి నీరు ఎక్కడిది? డ్రమ్ములోది కాదనే నా అంచనా. మీ పొటాషియం బ్రోమైడ్‌ది. ఆ ఉప్పు తడిని ఇట్టే పీల్చుకుంటుంది. జూలై ముసురులో, సముద్రం ఇంత దగ్గర పెట్టుకుని, రోజుకి పదిసార్లు మూత తీసే సీసాలో ఉన్న పౌడర్ తడవకపోతేనే ఆశ్చర్యం. మూడో పెల్లెట్‌కి కొత్త సీసా వాడారని మీరే రాశారు. అది సరిపోవడానికి కారణం అందులోనే ఉంది.

దీన్ని ఊహగా వదలక్కర్లేదు. శాంపిల్ లేకుండా వట్టి పొటాషియం బ్రోమైడ్ పెల్లెట్ ఒకటి పాత సీసా నుంచి, ఒకటి కొత్త సీసా నుంచి, ఒకే బరువుతో వేసి చూడండి. పాతదాంట్లో 3430, 1636 వచ్చి, కొత్తదాంట్లో రాకపోతే మీ ముద్దాయి దొరికినట్టే. వట్టి పెల్లెట్‌లో శాంపిల్ ఉండదు కాబట్టి దీన్ని రోజువారీ తనిఖీగా లాగ్‌బుక్‌లో రాసుకుంటూ చెయ్యొచ్చు. ఒక హెచ్చరిక మాత్రం ఉంది. ఆ ఆస్పిరిన్ శాంపిల్‌నే మళ్లీ తీసి మీ అంతట మీరు ఇంకో పెల్లెట్ వెయ్యకండి. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్క వేసి ఊదా రంగు వస్తుందేమో అని కూడా చూడకండి. చదువుకునే రోజుల్లో అది మంచి పరీక్షే, విడి సాలిసిలిక్ ఆమ్లాన్ని వెంటనే పట్టిస్తుంది. కానీ అనుమతి, రాత లేకుండా ఇప్పుడు చేస్తే ట్రయల్ 4, ట్రయల్ 5 అవుతాయి.

ఇక జారిన బేస్‌లైన్. ఎడమ చివర, అంటే 4000 వైపు, కాంతి తగ్గిపోవడానికి కారణం రేణువులు పెద్దవిగా ఉండటం. రేణువు పరిమాణం కాంతి తరంగదైర్ఘ్యానికి దగ్గరైతే కాంతి లోపలికి పోకుండా చెదిరిపోతుంది. 4000 దగ్గర తరంగదైర్ఘ్యం రెండున్నర మైక్రాన్లే, 400 దగ్గర ఇరవై అయిదు. అందుకే నూరుడు సరిపోనప్పుడు దెబ్బ ముందు ఎడమ చివరే కనిపిస్తుంది. ఆస్పిరిన్ స్ఫటికాలు సూదుల్లా ఉంటాయి, ఉప్పుతో కలిపి ఒకేసారి నూరితే ఉప్పు మధ్య జారుకుని నలగకుండా మిగిలిపోతాయి.

కాబట్టి పెల్లెట్ ఇలా వెయ్యండి. ఉప్పుని ముందురోజు రాత్రి 110 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో పెట్టి, పొద్దున డెసికేటర్‌లో చల్లార్చండి. పెద్ద సీసా నుంచి నేరుగా వాడకుండా చిన్న చిన్న వయల్స్‌లో పంచి పెట్టుకుని, రోజుకొకటి తెరవండి. అగేట్ కల్వంలో ఆస్పిరిన్ ఒకటి, రెండు మిల్లీగ్రాములు మాత్రమే వేసి, కల్వం గోడకి అద్దంలా పల్చగా అంటుకునే దాకా నూరండి. వేళ్లకి గరుకు తగలకూడదు, చప్పుడు కూడా మారుతుంది, మొదట ఇసుక నలిగినట్టు ఉన్నది మెత్తబడుతుంది. అప్పుడు 200 నుంచి 300 మిల్లీగ్రాముల ఉప్పు కొంచెం కొంచెంగా వేస్తూ, గోడకి అంటినది గీకుతూ కలపండి. ఇక్కడ ఎక్కువసేపు నూరకండి, రెండు నిమిషాలు చాలు. నూరుతున్నంతసేపూ ఉప్పు గాలిలోని తడి తాగుతూనే ఉంటుంది. ఐఆర్ ల్యాంపు ఉంటే దాని కింద నూరండి, కానీ ఆస్పిరిన్‌ని మరీ దగ్గరగా పెట్టి కాల్చొద్దు. 13 మిల్లీమీటర్ల డైలో సమంగా పరిచి, వాక్యూమ్ పెట్టి గాలి లాగి, ఎనిమిది టన్నుల దగ్గర రెండు నిమిషాలు ఉంచండి. ఒత్తిడి వదిలేటప్పుడు మెల్లగా వదలాలి, ఒక్కసారి తిప్పితే పెల్లెట్ నెర్రెలిస్తుంది.

వచ్చిన పెల్లెట్‌ని కిటికీ వైపు పట్టి చూడండి. గాజులా అవతలి అక్షరం కనిపించాలి. అంతటా తెల్లగా పాలలా ఉంటే నూరుడు చాలలేదు, లేదా తడి. అక్కడక్కడ తెల్ల మచ్చలుంటే పరచడం సమంగా లేదు. మెషిన్‌లో పెట్టాక 2000 దగ్గర, ఏ గీతా లేని చోట, కాంతి 60 శాతమైనా దాటాలి. లోతైన గీత పూర్తిగా అట్టడుక్కి అంటి చదునుగా ఉంటే శాంపిల్ ఎక్కువైంది, దాని ఎత్తు మీద ఏ లెక్కా కట్టలేరు. డైని ఉప్పుతో అలాగే వదిలెయ్యకండి. మన ఊరి గాలికి ఆ ఉక్కు రాత్రికి రాత్రే తుప్పు మొదలెడుతుంది. నీళ్లతో తుడిచి, అసిటోన్‌తో ఆరబెట్టి డెసికేటర్‌లో పెట్టండి.

ఇంకో సంగతి కూడా మీ ఉత్తరంలో దాక్కుని ఉంది. మీ లైబ్రరీలోని ప్రామాణిక స్పెక్ట్రమ్ ఏటీఆర్ మీద (పెల్లెట్ లేకుండా, పొడిని నేరుగా ఒక స్ఫటికం మీద ఒత్తి) తీసిందని ఒక వాక్యంలో రాసి వదిలేశారు. ఏటీఆర్‌లో కాంతి శాంపిల్ లోపలికి ఒకటి, రెండు మైక్రాన్లే దిగుతుంది, అదీ తరంగదైర్ఘ్యాన్ని బట్టి. 3000 వైపు తక్కువ దిగుతుంది, 800 వైపు ఎక్కువ. అందుకని ఏటీఆర్ స్పెక్ట్రమ్‌లో ఎడమ వైపు గీతలు చిన్నవిగా, కుడి వైపువి పెద్దవిగా కనిపిస్తాయి, బలమైన గీతలు కొంచెం చిన్న అంకెల వైపు కూడా జరుగుతాయి. పెల్లెట్‌ని దానితో పోల్చి శాతం తీయడమంటే నిలువుటద్దంలో చూసుకున్న మొహాన్ని ఆధార్ కార్డు ఫొటోతో పోల్చడం. మీ 96 కూడా నిజానికి 98 అయి ఉండొచ్చు. ఫార్మకోపియాలు అడిగేది స్పెక్ట్రమ్ ప్రామాణిక స్పెక్ట్రమ్‌తో సరిపోవాలని. 95 అన్న గీత కంపెనీ తనకు తాను గీసుకున్నది. బాగా నూరని అసలు సరుకు 91 ఇవ్వగలదు, అణువు దాదాపు అలాగే ఉన్న వేరే సరుకు 97 ఇవ్వగలదు. ప్రామాణిక నమూనాని కూడా అదే రోజు, అదే ఉప్పుతో, పెల్లెట్‌గానే వేసి పోల్చడం సరైన దారి. లేదా రెండింటినీ ఏటీఆర్‌కి మార్చెయ్యడం. ఏటీఆర్‌లో ఉప్పు గొడవే ఉండదు, తడి రోజుల్లో అది నిజంగా హాయి. కానీ ఎస్ఓపీ మార్చకుండా మెషిన్ మార్చకూడదు, చేంజ్ కంట్రోల్ (మార్పుకి రాతపూర్వక అనుమతి) ద్వారా వెళ్లాలి. ఆస్పిరిన్‌కి వర్తించదు గానీ, రేపు హైడ్రోక్లోరైడ్ లవణం ఏదైనా వస్తే ఇదీ గుర్తుంచుకోండి. నూరి, ఒత్తినప్పుడు క్లోరైడ్, బ్రోమైడ్ చోట్లు మార్చుకుని స్పెక్ట్రమ్ మారొచ్చు, అలాంటివాటికి పొటాషియం క్లోరైడ్ వాడతారు. సరుకు అదే అయినా స్ఫటికరూపం వేరైతే గీతలు కదులుతాయి. అప్పుడు శాంపిల్‌నీ, ప్రామాణిక నమూనానీ ఒకే ద్రావకంలో కరిగించి, ఆరబెట్టి, మిగిలిన పొడులతో మళ్లీ తీసి పోలుస్తారు.

మెషిన్ మీద అనుమానం ఉంటే పాలీస్టైరీన్ ఫిల్మ్ ఉండనే ఉంది. 3060.0, 1601.2, 1028.3 దగ్గర గీతలు ఒక్క అంకె అటూ ఇటూలో రావాలి. ఆ రోజు ఉదయపు తనిఖీ లాగ్‌బుక్‌లో ఉండే ఉంటుంది, చూడండి. లోపలి సిలికాజెల్ రంగు కూడా. చాలా మెషిన్లలో బీమ్ స్ప్లిటర్ (కాంతిని రెండుగా చీల్చే పలక) కూడా పొటాషియం బ్రోమైడే. ఆదివారం ఏసీ కట్టేసి, సోమవారం తలుపు తీసే ల్యాబుల్లో అది ఏడాదిలోనే మసకబారుతుంది.

ఇప్పుడు కాగితం దగ్గరకి వద్దాం. సీనియర్ చేసిన రసాయనశాస్త్రం తప్పు కాదు. తడి ఉప్పని కనిపెట్టి సీసా మార్చమన్నారు, అనుభవం అలాగే పనిచేస్తుంది. తప్పు జరిగింది ఆ తర్వాతి వాక్యంలో. ఎస్ఓపీ అడిగిన 95ని అందుకోని రెండు ఫలితాలు వచ్చాయి. వాటికి కారణం రాయకుండా మూడోది నెగ్గిందని మొదటి రెండూ చెరిగిపోవు. క్యూఏ (నాణ్యత హామీ విభాగం) భాషలో, కారణం నిరూపించేదాకా మొదటి ఫలితమే ఫలితం. మీ వాటా ఎంత అంటే, విశ్లేషకురాలిగా సంతకం మీది, కాబట్టి కొంత ఉంది. "చెక్‌డ్ బై" సంతకం ఆయనది, ఆ వాటా ఆయనది. ఎనిమిది నెలల ట్రైనీ చేతిలో మొత్తం పాపం పెట్టేసుకోవడం కూడా లెక్క తప్పే.

మీ ముందున్న దారులు ఇవి. మొదటిది, ఊరుకోవడం. ఆడిటర్ ఆ ఏఆర్ నంబరే అడగకపోవచ్చు. కానీ ఫైళ్లలో "ట్రయల్" అన్న మాట వెతకడం ఆడిటర్లకి ఇప్పుడు అలవాటు, ఆడిట్ ట్రెయిల్‌లో (సిస్టం తనంతట తాను రాసుకునే చిట్టాలో) మూడు స్కాన్ల గంటా నిమిషం ఉంటాయి. దొరికితే అడిగేది "ఎందుకు తడిసింది" అని కాదు, "ఎందుకు దాచారు" అని. తడి ఉప్పుకి జవాబు సులువు, దాచినదానికి ఉండదు. దొరక్కపోయినా అదే సీసా, అదే ముసురు వచ్చే నెల కూడా ఉంటాయి.

రెండోది, ముందు సీనియర్‌తోనే మాట్లాడటం. నేనైతే దీన్నే ముందు ఎంచుకుంటాను. వట్టి పెల్లెట్ల స్పెక్ట్రా చేతిలో పెట్టుకుని, నలుగురి ముందు కాకుండా, షిఫ్టు మారే ముందు, "సార్, ఆ రోజు మీరన్నట్టు ఉప్పు తడే. బ్లాంక్ వేసి చూశాను, పాత సీసాలో 3430 అలాగే వస్తోంది. ఆడిట్‌కి ముందే ఇన్సిడెంట్ రాసేస్తే మనిద్దరికీ మంచిది" అనండి. మీరన్నట్టు అన్న మాట ముఖస్తుతి కాదు, నిజమే. ఆయన కనిపెట్టిన కారణానికి మీరు ఆధారం తెచ్చారు. ఆ మాటతో ఆయన తప్పించుకోవడం మానేసి తల ఊపే వీలుంది. ఒప్పుకుంటే ఇన్సిడెంట్ లేదా ఓఓఎస్ (హద్దు తప్పిన ఫలితం) విచారణ తెరుస్తారు, మూడు స్పెక్ట్రా జత చేస్తారు, క్యూఏ అనుమతితో నిలవ ఉంచిన శాంపిల్ నుంచి మళ్లీ గుర్తింపు పరీక్ష చేస్తారు. మీకు మందలింపు రావచ్చు, మళ్లీ ట్రైనింగ్ పెట్టొచ్చు. రెండూ ఉద్యోగం తీసేవి కావు. ఖర్చు ఏమిటంటే, కొన్నాళ్లు ఆయన మొహం మాడ్చుకుంటారు.

మూడోది, ఆయన వద్దంటే, లేదా "ఆ ఫైళ్లు తీసెయ్యి" అంటే, క్యూఏకి చెప్పడం. నోటిమాటగా కాకుండా ఆఫీసు మెయిల్‌లో, నాలుగు వాక్యాల్లో: ఏ తేదీ, ఏ ఏఆర్ నంబరు, మూడు పెల్లెట్లు, మొదటి రెంటి ఫలితాలు షీటులో రాయలేదు. విశేషణాలు వద్దు, ఆయన పేరు మీద ఆరోపణ వద్దు, జరిగిన వరస చాలు. దీనివల్ల కాగితం మీద మీరు భద్రం, ల్యాబులో మాత్రం కొన్ని నెలలు ఒంటరి కావచ్చు. బస్సులో పక్క సీటు ఖాళీగా ఉండొచ్చు. అది చిన్న విషయమని నేను అనను.

నాలుగోది, మానేయడం. మానేసినా ఆ సంతకం అక్కడే ఉంటుంది, ఈసారి వివరించడానికి మీరు ఉండరు. కాబట్టి ఈ సమస్యకి అది మందు కాదు. కానీ డేటా తీసెయ్యమని నేరుగా ఒత్తిడి వస్తే, క్యూఏ కూడా కళ్లు మూసుకుంటే, అప్పుడు అక్కడ ఉండాలా అన్నది వేరే ప్రశ్న. పరవాడ, అచ్యుతాపురం వైపు ఎఫ్‌టీఐఆర్ చదవడం వచ్చినవాళ్లకి తలుపులు మూసుకుపోవు.

ఏ దారి ఎంచుకున్నా మూడు పనులు చెయ్యకండి. పాత తేదీ వేసి ఏదీ రాయకండి. ఆలస్యంగా రాసినా పర్లేదు, ఈ రోజు తేదీ వేసి, ఎందుకు ఆలస్యమో రాసి సంతకం పెట్టండి. ఫైళ్ల పేర్లు మార్చకండి, కదపకండి. స్క్రీన్ ఫొటోలు సొంత ఫోన్లోకి తీసుకోకండి, మీ రక్షణకే అనుకుంటారు గానీ అది కంపెనీ డేటా బయటికి తీసుకెళ్లడం కింద లెక్కకొస్తుంది.

నాన్నగారి భయం అర్థం చేసుకోదగ్గదే. ఆయనకి ఇన్‌ఫ్రారెడ్ చెప్పక్కర్లేదు. "మందలింపు రావచ్చు, ఉద్యోగం పోదు, చెప్పకుండా దొరికితేనే పోతుంది" అని ఆయన భాషలో చెప్పండి. పెళ్లి చూపులకీ దీనికీ ముడిపెట్టకండి, ఆయన్నీ పెట్టనివ్వకండి.

చివరగా, శాతం తప్ప స్పెక్ట్రమ్ చూడలేదని సిగ్గుపడ్డారు. ఆ అలవాటు సాఫ్ట్‌వేర్ మన అందరికీ చేసింది. అణువుల కంపనాల్ని గ్రూప్ థియరీతో (సౌష్ఠవాల గణితంతో) లెక్కగట్టే పని భౌతిక శాస్త్రవేత్తలు సూరి భగవంతం, టి. వెంకటరాయుడు మీ వాల్తేరులోనే చేశారు, మెషిన్లు మ్యాచ్ శాతం చెప్పే కాలానికి చాలా ముందు. మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు. రోజుకి ఒక్క ముడిసరుకు తీసుకోండి. నిర్మాణం కాగితం మీద గీసి, స్పెక్ట్రమ్ చూడకముందే ఏ గీత ఎక్కడ రావాలో పెన్సిల్‌తో రాయండి. ముందు 1850 నుంచి 1650, కార్బొనైల్ ఉందా, ఎన్ని. తర్వాత 3600 నుంచి 2500, ఓ-హెచ్ వెడల్పుగా ఉందా, ఎన్-హెచ్ (నైట్రోజన్-హైడ్రోజన్) గీత ఒకటా రెండా. ప్రైమరీ అమీన్ అయితే రెండు, సెకండరీ అయితే ఒకటి. తర్వాత 2300 నుంచి 2100, సాధారణంగా ఖాళీ, ఖాళీగా లేకపోతే అదే పెద్ద వార్త. ఆఖర్న 1500 కింద వేలిముద్ర ప్రాంతం, దాన్ని చదవడానికి ప్రయత్నించకుండా ప్రామాణికంతో పక్కపక్కన పెట్టి గీతకి గీత పోల్చండి. పారాసిటమాల్‌తో మొదలుపెట్టండి. 3325 దగ్గర ఎన్-హెచ్, 3160 దగ్గర ఫినాల్ ఓ-హెచ్, 1655 దగ్గర అమైడ్ కార్బొనైల్. ఆ 1655కి కిందనే నీటి 1636 ఎలా అంటుకుని మోసం చేస్తుందో తడి ఉప్పుతో, పొడి ఉప్పుతో రెండు పెల్లెట్లు వేసి చూడండి. రెండింటినీ లాగ్‌బుక్‌లో ట్రైనింగ్ అని రాసి, తేదీ వేసి.